విశ్వపు కొలతలు – 7: మిస్సోరీనుండి వచ్చిన ఇరువురు

ఐర్లండు దేశమందు రాస్ ప్రభువు 1845వ సంవత్సరమున తన బృహద్దర్శినితో సర్పిలాకారమగు నీహారికను మొట్టమొదట చూచిన ఉదంతమును, 1885లో దేవయాని నీహారికయందు దిగ్గున వెలిగి ఆరిపోయిన కొత్త తార పండితుల నెట్లు పెడదారి పట్టించెనో ఆ వైనమును, హార్వర్డు వేధశాలలో గంటకు 30 సెంట్ల కూలికి ఛాయాఫలకములను పరీక్షించుచుండిన హెన్రియెట్టా లీవిట్ అను వినికిడి తగ్గిన వనిత 1912లో ఆకాశమునకు కొలబద్ద నొకదానిని సమకూర్చిన కథను గత భాగమున చెప్పుకొంటిమి. సెఫీడ్ జాతి తారలు నియమము తప్పక ప్రజ్వరిల్లుచు, మసకబారుచు నుండును. ఆ హెచ్చుతగ్గులకు పట్టు కాల మెంత దీర్ఘమో ఆ తార సహజకాంతి యంత అధికము. సహజకాంతి తెలిసినచో దానిని కంటికి కనబడు కాంతితో పోల్చి దూరమును గణింపవచ్చును. కొలబద్ద చేతికి వచ్చినది గాని, కొలువవలసిన వస్తువేదో తేలలేదు. సర్పిల నీహారికలు మన పాలవెల్లిలో తేలు వాయుమేఘములా, లేక పాలవెల్లివంటివే యగు వేరు నక్షత్రలోకములా, అనగా నేడు మనము గెలాక్సీలనుచున్న మహాసముదాయములా? ఈ తగవును పెంచినవాడును, తెంచినవాడును అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రముననే పుట్టి, ఒకే కొండపై పని చేసి, ఒకరి పొడ యొకరికి గిట్టని ఇరువురు: హార్లో షాప్లీ, ఎడ్విన్ హబుల్.

ముందు ఆ కొండను గూర్చి చెప్పవలెను. లాస్ ఏంజెలెసు నగరమునకు ఎగువన 5,700 అడుగుల ఎత్తున నున్న మౌంటు విల్సన్ శిఖరముపై జార్జి ఎలరీ హేల్ నెలకొల్పిన వేధశాలకు, ఇనుప సామానుల వర్తకమున ధనము గడించిన జాన్ హుకర్ అను పెద్దమనిషి, 100 అంగుళముల వ్యాసముగల దర్పణమునకు కావలసిన ద్రవ్యము నిచ్చుటకు 1906లో ఒప్పుకొనెను. ఫ్రాన్సు దేశపు సేన్ గొబేన్ కార్ఖానావారు పోతపోసిన ఆ నాలుగున్నర టన్నుల గాజుబిళ్ల 1908 చివర పసడీనా చేరినప్పుడు దానిని చూచినవారెల్లరు పెదవి విరిచిరి. ఏలయన, అంత గాజు ఒక్క మూసలో ఇమడక మూడు మూసల ద్రవమును ఒకదానిపై నొకటి పోయవలసి వచ్చినందున, పొరల నడుమ బుడగలు చిక్కుకొని యుండెను. మరియొకటి పోయించు యత్నములు ఫలింపకపోగా దానినే ఏండ్లతరబడి అరగదీసి మెరుగుపెట్టిరి. తుదకు 1917 నవంబరు 1వ తేది రాత్రి, ఆంగ్లకవి ఆల్‌ఫ్రెడ్ నోయెస్ కూడ అతిథిగా వచ్చియుండగా, హేల్ ఆ దూరదర్శినిని గురుగ్రహమువైపు త్రిప్పించి కన్ను పెట్టి చూచెను. ఒక గురునికి మారుగా, ఒకదానిపై నొకటి పడిన ఆరేడు బింబములు కనబడెను. పగటివేళ పనివారు గోపురపు తలుపు తెరచి యుంచుటచే ఎండకు అద్దము వేడెక్కి వంగినదా, లేక అన్ని యేండ్ల శ్రమయు బూడిదలో పోసిన పన్నీరైనదా యనునది ఎవ్వరును తేల్చలేకపోయిరి. హేల్ పోయి పరుండెను గాని కునుకు పట్టలేదు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమున మరల మెట్లెక్కి వచ్చి, ఈసారి ఒక కాంతిమంతమగు నక్షత్రమువైపు గురిపెట్టించి చూడగా, అది ఎట్టి చెదరుపాటు లేక ఒకే బిందువై నిలిచెను. చలికి అద్దము తన ఆకృతికి తాను వచ్చినది. ప్రపంచమున అంతకు మించిన దూరదర్శిని ఆ తరువాత ముప్పది యేండ్ల వరకు లేదు.

ఆ శిఖరముపై బ్రతుకు చిత్రమైనది. పరిశీలకులు బసచేయు ఇంటిని మఠమని పిలుచుచుండిరి. పేరునకు తగినట్లే స్త్రీలకు అందు రాత్రి బస నిషిద్ధము. భోజనపు బల్లయొద్ద కూర్చుండుటకు కూడ పదవిని బట్టి వరుస కలదు: ఆ రాత్రి 100 అంగుళముల దర్శినిపై వంతు ఎవరిదో వారిదే అగ్రపీఠము. గోపురమున నిప్పు పెట్టరాదు. వెచ్చని గాలి కదలినచో బింబము వణకును. కావున శీతకాలపు రాత్రులలో దళసరి కోట్లు తొడిగికొని, ఎత్తైన వేదికపై నిలిచి, ఒక్క ఫలకమునకై గంటలతరబడి దర్శిని కదలికను చేతితో సరిచూచుచు నుండవలెను. ఈ కొండకు సామాను మోయించు కంచరగాడిదలను తోలుచు పడుచుతనమున వచ్చినవాడు మిల్టన్ హ్యూమసన్. ఎనిమిదవ తరగతితో చదువునకు స్వస్తి చెప్పి, వేధశాల ఇంజనీరు కుమార్తెను పెండ్లాడి, 1917లో ఊడ్చు పనికి కుదిరి, పిదప రాత్రి సహాయకుడై, చివరకు పండితులు సైతము అసూయపడు నేర్పుగల ఖగోళజ్ఞుడైన యీతని పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక, ముందు అవసరమగును.

షాప్లీ 1914లో ఈ కొండకు వచ్చెను. యౌవనారంభమున చిన్న పత్రికలకు నేరవార్తలు వ్రాయు విలేఖరియై యుండి, పత్రికారచన నేర్వవలెనని మిస్సోరీ విశ్వవిద్యాలయమునకు పోగా ఆ శాఖ మరుసటి యేడుగాని తెరువబడదని చెప్పిరట. పాఠ్యవిషయముల పట్టికను మొదటినుండి చూచుకొనుచు, తొలుత కనబడిన పురావస్తుశాస్త్రపు పేరు ఆంగ్లమున నోరు తిరుగకపోవుటచే, దాని క్రింద నున్న ఖగోళశాస్త్రమును పట్టుకొంటినని తానే చెప్పుకొనెడివాడు. ఇందు సత్యమెంతయో రసపోషణ మెంతయో గాని, కథ చెప్పుటలో అతడు కడదాక విలేఖరిగానే నిలిచెను. పగటివేళ నిదురపట్టక, వేధశాల గోడలపై బారులు తీరి పోవు చీమలకు కాలమాపకము పట్టుకొని, ఎండ హెచ్చినకొలది వాని నడక ఎంత వడి హెచ్చునో లెక్కించి, దానిపై శాస్త్రవ్యాసములు సైతము ప్రకటించెను. రాత్రులందు అతని దృష్టి గోళాకార నక్షత్రగుచ్ఛములపై నుండెను. లక్షలకొలది తారలు ముద్దగా కూడిన ఈ గుచ్ఛములు ఆకాశమంతట సమముగ పరచుకొనక ధనూరాశి దిక్కున గుమికూడియుండుట చూచి, వాని దూరములను లెక్కగట్టి, పాలవెల్లికి కేంద్రము ఆ దిక్కుననే యున్నదనియు, మన సూర్యుడు దానికి బహుదూరమున ఒక మూల వసించువాడనియు నిశ్చయించెను. కొపర్నికసు భూమిని సింహాసనమునుండి దించగా, షాప్లీ సూర్యుని దించినాడు. ఇంతవరకు అతని యశము నిష్కళంకము. కాని నక్షత్రముల నడుమ వ్యాపించియున్న ధూళి తారల కాంతిని మ్రింగుచున్న సంగతి ఆనాటికి గుర్తింపబడలేదు గనుక, దూరములు పెరిగిపోయి, పాలవెల్లి వ్యాసము 3 లక్షల కాంతిసంవత్సరములని తేలెను. నేటి లెక్కకు అది సుమారు ఒక లక్ష. ఇంత విశాలమగు పాలవెల్లి యుండగా దాని కావల మరి లోకము లెందులకు? సర్పిలములు దీని యంచున తిరుగాడు మేఘములే యని అతడు నమ్మెను.

ఆ నమ్మకమునకు మిత్రుడొకడు ఊతమిచ్చెను. హాలెండునుండి వచ్చిన ఆడ్రియన్ వాన్ మానెన్ అదే కొండపై పనిచేయుచు, సప్తర్షిమండల ప్రాంతమునందలి ఒక సర్పిలమును ఏండ్ల యెడముతో తీసిన ఫలకములలో పోల్చి, అది సుమారు 85,000 ఏండ్లకొకమారు తిరుగుచున్నట్లు 1916లో ప్రకటించెను. ఆ సర్పిలము లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్నచో దాని యంచులు కాంతికంటె వేగముగ పరుగెత్తవలసి వచ్చును. కావున అది దగ్గరిదే. తర్కము నిర్దుష్టము, కొలతయే పొరపాటు. అట్టి చలనమేదియు లేదని తరువాత రుజువాయెను. స్నేహితుడు గదా యని నమ్మితినని షాప్లీ వృద్ధాప్యమున ఒప్పుకొనెను. శాస్త్రచరిత్రలో మైత్రి చేసిన అపకారములను ఎవరైన గ్రంథస్థము చేసినచో ఇది మొదటి పుటలకు ఎక్కదగును.

ప్రతిపక్షమున నిలిచినవాడు లిక్ వేధశాలకు చెందిన హీబర్ కర్టిస్. లాటిను, గ్రీకు భాషలు బోధించుచు జీవితము నారంభించి, ఖగోళమునకు మరలిన ఈ శాంతస్వభావుడు, ప్రక్కగా కనబడు సర్పిలముల నడుమ నల్లని ధూళిపట్టీలు ఉండుటను ఛాయాచిత్రములలో చూచి, మన పాలవెల్లికి కూడ అట్టి పట్టీయే యుండవలెననియు, అందుచేతనే ఆ దిక్కున సర్పిలములు మనకు కనబడవనియు ఊహించెను. సర్పిలములలో అప్పుడప్పుడు వెలుగు కొత్త తారలు మిక్కిలి మసకగా నుండుట వాని దూరమునకు సాక్ష్యమనెను. ఆరిజోనాలోని లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ 1912 మొదలు వర్ణపటములను కొలిచి, దేవయాని సెకనుకు 300 కిలోమీటర్ల వేగమున మనవైపు వచ్చుచుండగా, తక్కిన సర్పిలములలో అత్యధికము అంతకంటె వేగముగ మననుండి పారిపోవుచున్నవని చూపియుండెను. పాలవెల్లి బంధమునకు లోబడిన వస్తువులకు అట్టి వేగము లెక్కడివి?

1920 ఏప్రిలు 26వ తేదిన వాషింగ్టను నగరమున జాతీయ విజ్ఞాన అకాడమీ సభలో ఇరువురును ముఖాముఖి ప్రసంగించిరి. మొదట ఐన్‌స్టీను సాపేక్షతను చర్చకు పెట్టుదమనిరి గాని, అకాడమీ కార్యదర్శికి ఆ సిద్ధాంతమనిన తలనొప్పి. కావున విశ్వపరిమాణము విషయమైనది. కాలిఫోర్నియానుండి వాదిప్రతివాదులు ఒకే రైలులో ప్రయాణము చేసి, త్రోవలో బండి నిలిచిపోయినప్పుడు, వాదసారమును తాకక, పూవులను గూర్చియు ప్రాచీన సాహిత్యమును గూర్చియు ముచ్చటించుకొనిరి. తీరా సభలో జరిగినది యుద్ధమనిపించదు. హార్వర్డు వేధశాలాధిపత్యము ఖాళీగా నుండుటయు, అచ్చటి పెద్దలు సభలో కూర్చుండుటయు ఎరిగిన షాప్లీ, కాంతిసంవత్సరమనగా నేమో వివరించుటతోనే తన కాలమున పెద్దపాలు గడిపెను. కర్టిస్ మాత్రము చిత్రపటములు చూపుచు పాయింటు వెంబడి పాయింటు విప్పెను. ఇరువురును సగము ఒప్పు, సగము తప్పు. సూర్యుని స్థానమును గూర్చి షాప్లీ, సర్పిలములను గూర్చి కర్టిస్ నిజము పలికిరి. షాప్లీకి మరుసటి యేడు హార్వర్డు పదవి దక్కెను, కొండ విడిచిపోయెను. ఆ పోక అతనికి ఎంత నష్టమో అప్పుడు తెలియలేదు, ఏలయన హబుల్ అప్పటికే కొండపై నుండెను.

హబుల్ షాప్లీకి నాలుగేండ్లు చిన్నవాడు. ఆజానుబాహువు, ఆటగాడు, ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రము చదివి, అచ్చటి ఆంగ్లోచ్చారణను, పొగగొట్టమును వెంట దెచ్చుకొనినవాడు. మొదటి ప్రపంచయుద్ధమున మేజరై, 1919లో మౌంటు విల్సనుకు చేరిన పిదపగూడ ఆ బిరుదును విడువలేదు. మిస్సోరీ పల్లెయాసను దాచుకొనని షాప్లీకి ఈ వేషభాషలు వెగటు పుట్టించెను. యుద్ధమునకు దూరముగ నున్న షాప్లీ హబుల్‌కును అట్లే వెగటు. షాప్లీ వెళ్లకముందే, దేవయాని ఫలకములపై కొన్ని చుక్కలు సెఫీడ్‌లవలె నున్నవని హ్యూమసన్ గుర్తుపెట్టి చూపగా, అవి అట్లుండుట అసంభవమని నచ్చజెప్పి, షాప్లీ చేతిరుమాలుతో ఆ గుర్తులను తుడిచివేసెనని హ్యూమసన్ తరువాతి కాలమున చెప్పెను. అది నిజమైనచో, ఒక ఖండమును కనుగొనిన కీర్తి ఆ గుడ్డతుండుతో తుడుచుకొనిపోయినది.

1923 అక్టోబరు 5వ తేది రాత్రి హబుల్ దేవయానిని ముక్కాలు గంట సేపు ఫలకముపై పట్టెను. వేడుకపడదగిన ఆ గాజుపలక నేటికిని భద్రముగ నున్నది. దానిపై కొత్త తారలని తోచిన మూడు చోట్ల సిరాతో ‘ఎన్’ అను అక్షరము వ్రాసికొనెను. పిమ్మట పాత ఫలకములను వరుసగ తీసి పోల్చగా, వానిలో నొకటి కొత్తది కాదు. వెలుగుచు తగ్గుచు ఏండ్లుగా అచ్చటనే యున్నది. అక్షరమును కొట్టివేసి, దాని చెంత చరతార యని సూచించు మూడక్షరములను, ఒక ఆశ్చర్యార్థకమును చేర్చెను. అది 31 దినములకొక మారు ఆవృత్తి పూర్తిచేయు సెఫీడ్. లీవిట్ కొలబద్దను పెట్టి చూడగా దేవయాని దూరము సుమారు 9 లక్షల కాంతిసంవత్సరములని వచ్చెను. షాప్లీ చెప్పిన మహా పాలవెల్లి కూడ దానిని ఇముడ్చుకొనజాలదు. లీవిట్ అప్పటికి కీర్తిశేషురాలై రెండేండ్లు కావచ్చెను.

1924 ఫిబ్రవరిలో హబుల్ ఈ సంగతిని షాప్లీకి ఉత్తరమున తెలిపెను. అందు వినయముకన్న విజయోల్లాసమే హెచ్చు. గదిలోనున్న సిసీలియా పేన్ అను యువ శాస్త్రజ్ఞురాలికి ఆ కాగితమును చూపుచు, తన విశ్వమును నాశనము చేసిన ఉత్తరమిదే యని షాప్లీ అనెను. అయినను హబుల్ వ్యాసమును ప్రకటించుటకు జంకెను. తన కొండపైనే కూర్చుండిన వాన్ మానెన్ కొలతలకు సమాధానము దొరకలేదు. కడపట 1925 జనవరి 1వ తేదిన వాషింగ్టనులో, అతడు సభకు రాకయే, హెన్రీ నోరిస్ రస్సెల్ అను ఖగోళజ్ఞుడు దానిని చదివి వినిపించెను. ఆ యేటి ఉత్తమవ్యాసమునకిచ్చు బహుమతిని, చెదపురుగుల ప్రేగులలో జీవించు సూక్ష్మజీవులపై వ్రాసిన వేరొకరితో హబుల్ పంచుకొనవలసి వచ్చెను.

లోకములు వేరని తేలిన పిమ్మట వానిని జాతులుగ విభజింపవలసి వచ్చెను. 1926లో హబుల్ నాలుగువందల గెలాక్సీల ఆకృతులను చూచి ఏర్పరచిన విభాగము నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. నున్నని కాంతిముద్దలై, అంతర్నిర్మాణ మేదియు పైకి కనబడని దీర్ఘవృత్తాకారములు ఒక జాతి; గుండ్రనివి మొదలుకొని బాగుగ నొక్కుకుపోయిన వానివరకు వీనికి సున్ననుండి ఏడువరకు అంకెలు. బాహువులు విప్పికొని, ధూళితోను, నీలికాంతి చిమ్ము పడుచు తారలతోను నిండిన సర్పిలములు రెండవ జాతి, దేవయాని ఇట్టిది. వీనిలో కొన్నింటికి నడిబొడ్డున అడ్డముగ నొక తారాదండ ముండి, బాహువులు దాని కొనలనుండి బయలుదేరును. మన పాలవెల్లి ఈ తెగదేయని నేటి నిర్ణయము. మెజిలాన్ మేఘములవలె ఏ రూపమునకును లొంగనివి అక్రమాకారములు. ఇవి నూటికి రెండు మూడు మాత్రమే యని హబుల్ లెక్క, కాని మసకమసకగ నుండు మరుగుజ్జు గెలాక్సీలు అతని ఫలకములకు అందలేదు. దీర్ఘవృత్తము క్రమముగ విచ్చుకొని సర్పిలమగునను ఊహ ఆనాడు ప్రచారమున నుండెను. అది నిలువలేదు, అనేక మహా దీర్ఘవృత్తములు సర్పిలముల కలయికవలన పుట్టినవని నేటివారి మతము. వరుస తలక్రిందులైనను పట్టిక మాత్రము చెక్కుచెదరలేదు. కన్ను చూచినది ఒప్పు, బుద్ధి చెప్పిన కారణము తప్పు. ఇంచుమించు ఇట్టి విభాగమునే ప్రకటించిన స్వీడను దేశీయుడు నట్ లుండ్మార్క్ తన్ను కాపీకొట్టెనని హబుల్ బహిరంగముగ నిందించెను. లుండ్మార్క్ దీటుగనే జవాబిచ్చెను. గొప్పవారి తగవులు పెరటిగోడ తగవులకంటె మర్యాదగ నుండునని ఎవరైన భ్రమపడినచో ఈ పుటలు చదువదగినవి.

ఇక ఓడినవాని కథ. తన విశ్వమును పోగొట్టుకొనిన షాప్లీ అలిగి మూలకూర్చుండలేదు. నిన్నటివరకు లేవనిన గెలాక్సీలనే ఏరి పోగుచేయ మొదలిడెను. హార్వర్డుకు బోస్టను ప్రాంతమునను, దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటేనునను విశాలాకాశమును ఒక్కమారుగ పట్టు దర్శినులుండెను. ఫలకములను లెక్కించు వనితలుండిరి. వారి శ్రమను షాప్లీ ‘పిల్ల–గంట’ లను కొలతలో లెక్కవేయుచుండెను. నేడైనచో ఆ మాటకు ముఖము చిట్లింతుము. వారిలో ముఖ్యురాలు అడిలేడ్ ఏమ్స్. ఆమెతో కలిసి 1932లో ప్రకటించిన పట్టికలో 1,249 గెలాక్సీలు కలవు. ఆ యేటి వేసవిలోనే ఆమె సరస్సులో మునిగి అకాలమరణము చెందెను. పట్టికను పరచి చూడగా గెలాక్సీలు చల్లినట్లు లేవు, గుంపులు కట్టియున్నవి. కన్యారాశియందలి గుంపును పదునెనిమిదవ శతాబ్దముననే మెస్యే అను ఖగోళజ్ఞుడు మబ్బుమరకల కూటమిగ గమనించియుండెను. నేడది సుమారు 5 కోట్ల కాంతిసంవత్సరముల యెడమున, వేయికి పైబడిన గెలాక్సీల గుచ్ఛమని ఎరుగుదుము. దాని నడుమ నున్న మహా దీర్ఘవృత్తమునుండి విచిత్రమగు నొక తిన్నని కాంతిరేఖ వెలువడుచున్నదని 1918లోనే వ్రాసిపెట్టినవాడు మన కర్టిసే.

మనముండు పేట చిన్నది. పాలవెల్లి, దేవయాని, త్రిభుజరాశి సర్పిలము, మెజిలాన్ మేఘములు, దేవయాని కిరుప్రక్కల నుండు చిన్న దీర్ఘవృత్తములు మొదలగువానిని కలిపి 1936లో హబుల్ స్థానిక సమూహమని పేరుపెట్టెను. ఆనాటికి డజను లోపే. 1938లో షాప్లీ దక్షిణాకాశమున రెండు మరుగుజ్జులను చేర్చెను. నేడు యాభై దాటినవి. అందు పెద్దవి రెండే, పాలవెల్లియు దేవయానియు. తక్కినవి చాలవరకు ఆ రెంటి ముంగిటనే తిరుగాడుచుండును.

ఇచ్చట ఇరువురికిని రెండవ తగవు పుట్టెను. హబుల్ ఆకాశమున 1,283 చోట్ల మచ్చుతీసి, 44,000 గెలాక్సీలు లెక్కించి, ఎంత లోతునకు పోయినను విశ్వము మొత్తముమీద సమముగనే పరచుకొనియున్నదని 1934లో ప్రకటించెను. షాప్లీ కాదనెను, గుంపులు, గుంపులకు గుంపులు ఉన్నవనియు, ఆ యెత్తుపల్లములను సగటులో కలిపి మాయముచేయరాదనియు వాదించెను. మిక్కిలి పెద్ద కొలతలలో హబుల్ మాటయే నెగ్గినది. అంతకు లోపల నుండు కొలతలన్నిటిలోను షాప్లీ మాట నెగ్గినది. 1930లో కిన్నరరాశి దిక్కున అతడు చూపిన గెలాక్సీల దట్టమగు మేఘము మనకు సమీపవిశ్వమున నున్న మహాగుచ్ఛములలో కెల్ల బరువైనవానిలో నొకటియని తేలి, నేడతని పేరనే పిలువబడుచున్నది. మొదటి తగవునే చెప్పి రెండవదానిని వదలివేయు గ్రంథకర్తలు షాప్లీకి చేసిన అన్యాయము తక్కువ కాదు. అతని ఏలుబడిలోని హార్వర్డుకే, హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైను బాప్పు 1949లో హైదరాబాదు ప్రభుత్వ వేతనముతో పోయి, ఆ యేడే ఒక తోకచుక్కను కనుగొనినవారిలో నొకడయ్యెను.

పాఠకులు ఇప్పటికే ఒక చిక్కును కనిపెట్టియుందురు: హబుల్ దేవయానికి కట్టిన దూరము 9 లక్షల కాంతిసంవత్సరములు, నేటి లెక్క 25 లక్షలు. కొలబద్దలోనే యున్న ఆ లోపమును, రెండవ ప్రపంచయుద్ధమున లాస్ ఏంజెలెసు దీపములు ఆర్పివేయబడిన రాత్రులలో, శత్రుదేశీయుడని పోలీసుల కన్ను తనపై నుండగా, అదే కొండపై ఒంటరిగ కూర్చుండి పట్టుకొనిన జర్మనుడు వాల్టర్ బాడే కథయు, కోమా గుచ్ఛమునందలి గెలాక్సీల వేగమునకు కనబడు ద్రవ్యము చాలదని 1933లోనే ప్రకటించి, ఎవరిచేతను వినిపించుకొనబడక అందరిని తిట్టిపోసిన ఫ్రిట్జ్ జ్విక్కీ కథయు వచ్చే భాగమున చెప్పుకొందము. కంచరగాడిదల హ్యూమసన్ కూడ మరల వచ్చును. పారిపోవు గెలాక్సీల వేగములను హబుల్ కొరకు కొలిచిపెట్టినవాడు అతడే.